మెమరీ చాలక పుట్టిన నీడ

మొన్న సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా బాబాయి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఒరేయ్, ఇందులో ప్రిన్స్ ఉందా?"

ఏ ప్రిన్స్ అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా! తొంభైల్లో ఆయన డిప్లొమా చదివేటప్పుడు చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్ళేవాళ్ళట. సార్ అటు వెళ్ళగానే డాస్ ప్రాంప్ట్ దగ్గర 'ప్రిన్స్ మెగాహిట్' అని కొట్టేవాళ్ళట. 'మెగాహిట్' అనేది చీట్ కోడ్ అన్నమాట. అది కొడితే షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కి లెవెల్స్ దాటేయొచ్చు. అది సినిమా భాష అనుకుని తెగ మురిసిపోయేవాళ్ళట.

ఎమ్యులేటర్‌లో పెట్టి ఇచ్చాను. ముప్పై ఏళ్ళు దాటినా ఆయన వేళ్ళు ఏదీ మర్చిపోలేదు. నాలుగో లెవెల్లో అద్దం కనపడగానే మాత్రం ఆగిపోయాడు. "ఇక్కణ్ణుంచి మన నీడే మనకి శత్రువురా" అన్నాడు. ఆ నీడ సంగతేంటో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, మన డిజిటల్ లాజిక్ పుస్తకంలో మొదటి యూనిట్ దగ్గర తేలాను. అందుకే ఈ వ్యాసం.

ఆట ఏమిటంటే

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. జాఫర్ అనే వజీరు యువరాణిని బంధించి గంట గడువు పెడతాడు. కథానాయకుడు నేలమాళిగలోంచి బయటపడి, సరిగ్గా 60 నిమిషాల్లో ఆమెని చేరాలి. ఆ గంట మన గడియారంలో గంటే. చనిపోతే ఆ లెవెల్ మళ్ళీ మొదటినుంచి, కానీ టైం మాత్రం వెనక్కి రాదు. ఇంటర్నల్ పరీక్షలాగే!

దీన్ని తయారుచేసింది జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు. యేల్ యూనివర్సిటీలో చదువుతుండగానే కరాటేకా అనే ఆట రాశాడు. అది 1984లో వచ్చింది. చదువు అయ్యాక 1985లో ప్రిన్స్ మొదలుపెట్టి, 1989లో పూర్తిచేశాడు. ముందు యాపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. మా బాబాయి ఆడిన డాస్ వెర్షన్ 1990లో వచ్చింది. సంగీతం ఇచ్చింది మెక్నర్ వాళ్ళ నాన్నగారు.

తమ్ముడి పరుగు

అప్పటి ఆటల్లో బొమ్మలు గెంతేవి, అంతే. ప్రిన్స్ మాత్రం మనిషిలా పరిగెత్తుతాడు, అంచు పట్టుకుని వేలాడతాడు, ఆగబోయి రెండడుగులు జారతాడు. ఎందుకంటే అవి నిజంగా ఒక మనిషి అడుగులే. మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేయించి, ఒక పార్కింగ్ స్థలంలో పరుగెత్తించి, దూకించి వీడియో తీశాడు. ఆ వీడియోని టీవీలో ఆపి ఆపి ఫోటోలు తీసి, వాటిమీద మనిషి ఆకారాన్ని దిద్ది, జిరాక్స్ చేసి, మళ్ళీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇలా అసలు కదలికల మీదుగా బొమ్మలు గీయడాన్ని రోటోస్కోపింగ్ అంటారు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ సినిమా పోరాటాన్ని ఆధారం చేసుకున్నాడు.

ఇక్కడే చిక్కొచ్చింది. యాపిల్ 2లో ఉన్నది 6502 అనే 8 బిట్ల ప్రాసెసర్. వేగం దాదాపు 1 మెగాహెర్ట్జ్. ఫ్లాపీ ఒక వైపున పట్టేది 140 కేబీ. మన ఫోన్లో ఒక వాట్సాప్ ఫోటో కూడా అంతకన్నా పెద్దగా ఉంటుంది చాలాసార్లు. ఉన్న మెమరీనంతా యువరాజు కదలికలే తినేశాయి. ఇక శత్రువుల బొమ్మలకి చోటేదీ?

నీడ ఎలా పుట్టింది

మెక్నర్ మొదట ఆటలో యుద్ధమే వద్దనుకున్నాడు. ఆఫీసులో ఆయనతో పాటు పనిచేసే టోమీ పియర్స్ అనే ఆవిడ మాత్రం ఆట చూసి, ఇందులో పోరాటం లేదు, పోరాటం కావాలి అని పట్టుబట్టింది. మెమరీ లేదంటే వదల్లేదు. కొత్త బొమ్మలకి చోటు లేకపోతే ఉన్న బొమ్మనే శత్రువుగా ఎందుకు వాడకూడదు? యువరాజు బొమ్మనే కొంచెం మార్చి చూపిస్తే?

మార్చింది ఎలాగంటారా? మన ఎక్స్-ఆర్ గేటుతో! బొమ్మని ఒక బిట్ పక్కకి జరిపి, దానితోనే దాన్ని ఎక్స్-ఆర్ చేశాడు. మనం కూడా చేసి చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి బొమ్మలో ఒక్క వరస, 8 బిట్లు తీసుకుందాం.

యువరాజు వరస: 00111100
ఒక బిట్ కుడికి జరిపితే: 00011110
రెండిటికీ ఎక్స్-ఆర్: 00100010

ఎక్స్-ఆర్ రూలు గుర్తుందిగా: రెండూ ఒకటైతే 0, వేరైతే 1. మధ్యలో రెండుచోట్లా 1లే కాబట్టి లోపలంతా ఖాళీ అయిపోయింది. అంచులు మాత్రం మిగిలాయి. ప్రతి వరసకీ ఇలాగే చేస్తే ఏమొస్తుంది? లోపల ఏమీ లేకుండా అంచులు మాత్రం మెరిసే మనిషి. అచ్చం దెయ్యంలా! కొత్త బొమ్మలకి మెమరీ ఖర్చు లేదు.

ఇంతవరకు చిట్కానే. అసలు గొప్పదనం దీని తర్వాత ఉంది. ఎలాగూ యువరాజులాగే ఉన్నాడు కాబట్టి, వాడు యువరాజు నీడే ఎందుకు కాకూడదు అనుకుని మెక్నర్ కథలోకి తెచ్చాడు. నాలుగో లెవెల్లో అద్దంలోంచి దూకగానే నీడ అటువైపు బయటికొస్తుంది. ఐదో లెవెల్లో మనం తాగాల్సిన మందు తనే తాగేస్తుంది. ఆరో లెవెల్ చివర్లో గేటు మూసేసి మనల్ని కింద పడేస్తుంది. పన్నెండో లెవెల్లో కత్తి దూసి ఎదురు నిలబడుతుంది. దాన్ని పొడిస్తే మనకే దెబ్బ తగులుతుంది! గెలవాలంటే కత్తి ఒరలో పెట్టి నీడ దగ్గరికి నడిచి వెళ్ళాలి. ఇద్దరూ ఒకటైపోతారు.

ఇది తెలీక మా బాబాయి వాళ్ళ బ్యాచ్ రెండు వారాలు తమని తామే చంపుకున్నారట.

మెక్నర్ తర్వాత కోడ్ బిగించి, కొంచెం మెమరీ మిగుల్చుకుని కాపలావాళ్ళని కూడా పెట్టాడు. కానీ ఇన్నేళ్ళ తర్వాత మా బాబాయికి గుర్తున్నది కాపలావాళ్ళు కాదు, నీడే. చోటు చాలినంత ఉండి ఉంటే ఆ నీడ పుట్టేదే కాదు. మనం ప్రాజెక్టుల్లో ర్యామ్ చాలట్లేదు, డేటా చాలట్లేదు అని గైడ్ దగ్గర మొరపెట్టుకునేటప్పుడు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి. లేనిదాని గురించి ఏడ్చే ముందు ఉన్నదాన్ని ఒక బిట్ జరిపి చూశామా?

దొరికిన డబ్బా

ఇంత కష్టపడి రాసిన ఆ సోర్స్ కోడ్ తర్వాత కనపడకుండా పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. 2012లో మెక్నర్ వాళ్ళ నాన్నగారు ఇంట్లో ఒక అరలో పాత ఫ్లాపీల డబ్బా చూసి కొడుక్కి పంపారు. అందులో ఉంది ప్రిన్స్! రెండు దశాబ్దాలు దాటిన ఫ్లాపీలు చదవడం మాటలు కాదు. పాత యాపిల్ యంత్రాలు తెలిసిన టోనీ డియాజ్, డిజిటల్ పాతసామాన్లు కాపాడే జేసన్ స్కాట్ కూర్చుని ఆ ఫైళ్ళు బయటికి తీశారు. ఇప్పుడు ఆ అసెంబ్లీ కోడ్ గిట్‌హబ్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఈ కథ చెప్పగానే బాబాయి లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు. ఒక ఫ్లాపీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీద నీలం ఇంకుతో 'పులి-మేక' అని రాసి ఉంది. డిప్లొమా చివరి ఏడాది టర్బో సీలో ఆయన రాసిన ఆట. మూడు పులులు, పదిహేను మేకలు. మా తాతయ్య అరుగుమీద సుద్దముక్కతో గీసి ఆడే ఆటని కంప్యూటర్ మీద పెట్టాడన్నమాట. తాతయ్య ఒక్కసారే చూశారట, "మేకల్ని నువ్వు తీసుకో, పులుల్ని నేనాడతా" అన్నారట. తాతయ్య ఇప్పుడు లేరు.

సెలవుల తర్వాత ఒక సీనియర్ దగ్గర యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ అడిగి తెచ్చి పెట్టాను. టకటకా చప్పుడు చేసి, చదవలేనంది. షట్టర్ జరిపి చూస్తే లోపల తెల్లగా బూజు. మూడుసార్లు ప్రయత్నించి ఆపేశాను, ఉన్నది కూడా గీరుకుపోతుందని.

ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ప్రాజెక్ట్ రికార్డు ఎక్కడో ఉండాలిరా." దొరికింది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు, పక్కన చిల్లులున్న కాగితాలు, పదకొండు పేజీలు. ఇంకు వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తున్నాయి. చివరి పేజీ మాత్రం లేదు. పులి మేక మీంచి దూకే ఫంక్షన్ సగంలో ఆగిపోయింది.

ఇప్పుడు మనం చేయాల్సింది

మిత్రులారా, ఈ పాఠానికి హోంవర్క్ రెండు ముక్కలు. ఒకటి, మీ ప్రాజెక్టు కోడ్ కనీసం మూడుచోట్ల దాచండి, అందులో ఒకటి మీ గదికి బయట ఉండాలి. పెన్‌డ్రైవ్ కూడా ఒకనాటి ఫ్లాపీయే అవుతుంది. రెండు, ఇంటికెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ బీరువాలు అడగండి. ఏం దొరుకుతుందో చెప్పలేం.

నేను రోజుకో పేజీ చొప్పున టైపు చేస్తున్నాను. ఏడు అయ్యాయి. ఆ దూకే ఫంక్షన్ మిగతా సగం బాబాయే రాస్తానన్నాడు, సీ మర్చిపోయానంటూనే. నడిచిన రోజు మొదటి ఆట మా ఇద్దరిదీ. ఆయనకి పులులు, నాకు మేకలు.