జపాన్ జూడో నవల, మా తాత ప్రశ్న

సంక్రాంతి సెలవులకి మా ఊరు కళింగపట్నం వెళ్లాను. సాయంత్రం బీచ్‌లో కూర్చుని ఫోన్‌లో ఓ జపాన్ రచయిత గురించి చదువుతుంటే, మా తాత వచ్చి "ఏటి సదువుతన్నావురా?" అన్నాడు. చెప్పాను.

ఆయన పేరు త్సునెయో తోమితా (1904–1967). జిగోరో కానో 1882లో టోక్యోలో కోడోకాన్ అనే జూడో బడి పెట్టినప్పుడు, మొదట చేరిన శిష్యుల్లో ఈయన తండ్రి ఒకరు. కాబట్టి జూడో చరిత్ర తోమితాకి ఇంటి కథే. తనూ జూడో నేర్చుకున్నాడు.

తండ్రి సహాధ్యాయి షిరో సైగో పొట్టి మనిషి. 'యమా అరాషి', అంటే 'కొండ తుఫాను' అనే పట్టుతో తనకన్నా పెద్దవాళ్లని పడగొట్టేవాడని పేరు. ఆయన 1922లో పోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1942లో, ఆయన్నే నమూనాగా పెట్టుకుని తోమితా 'సుగాతా సాన్షిరో' నవల రాశాడు. మరుసటి ఏడాదే అది సినిమా అయింది. తీసింది అకీరా కురొసావా, అదే ఆయన మొదటి సినిమా! 1949లో వేరే రచనలకి తోమితా నవోకి బహుమతి కూడా అందుకున్నాడు.

తాత అంతా విని, "బాగుందిరా. మరి మన కోడి రామ్మూర్తి కత సెప్పు" అన్నాడు.

శ్రీకాకుళంలో ఆయన పేరు మీద స్టేడియం ఉందన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. సిగ్గేసింది.

అప్పుడు తాతే చెప్పాడు. వీరఘట్టంలో పుట్టిన రామ్మూర్తి నాయుడు విజయనగరంలో కుస్తీ నేర్చాడు, సర్కస్ నడిపాడు. ఒంటికి కట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపేవాడు, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకునేవాడు. 'కలియుగ భీముడు' అన్నారు. ఆయన పోయింది 1942లో. అక్కడ ఆ నవల వచ్చిన ఏడాదే!

నవల చరిత్ర కాదు, నిజమే. సాన్షిరో అచ్చంగా సైగో కాదు. కానీ నవల చదివినవాడికి అసలు మనిషెవరో తెలుసుకోవాలనిపిస్తుంది. తోమితా చేసిన మేలు అదే. నాకు సైగో తెలిసింది కూడా అలాగే.

మన ఊళ్లలో సంగిడి రాళ్లు ఎత్తినవాళ్లు, కర్రసాము నేర్పినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లని చూసిన తాతలు ఇంకా ఉన్నారు. ఈసారి ఇంటికెళ్తే ఒక్కరినైనా అడిగి రాసుకురండి. 'నాకు గ్రాంథికం రాదు' అనకండి. మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన గిడుగు రామ్మూర్తి పంతులుగారు పుట్టింది మా వంశధార ఎగువన, పర్వతాలపేటలోనే!