వస్తువు – ఉనికి

జనగామ పట్టణానికి చేరువలో ఉన్న పెంబర్తి గ్రామం ఇత్తడి పనితనానికి పెట్టింది పేరు. కాకతీయుల కాలం నాటిదిగా ప్రసిద్ధి చెందిన ఈ కళలో విశ్వకర్మలు నేర్పరులు. దేవాలయ ధ్వజస్తంభాలకు తొడుగులు, విగ్రహాలకు కవచాలు వీరి చేతుల్లో రూపుదిద్దుకొన్నాయి. నిజాముల కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు కూడా తయారయ్యాయి. 2010లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది.

పెంబర్తి శిల్పి ఇత్తడి రేకును లక్కపై అతికించి, ఉలితో, సుత్తితో మెల్లమెల్లగా కొడుతూ బొమ్మను ఉబ్బెత్తుగా తేలుస్తాడు. నిన్నటి రేకు నేడు దేవుని కవచమవుతుంది. లోహం మారలేదు, బరువు పెరగలేదు. అయినా నిన్న లేని వస్తువొకటి నేడు ఉన్నది. అది ఎక్కడి నుండి వచ్చింది?

ఈ ప్రశ్న భారతీయ తత్త్వవేత్తలకు చిరపరిచితం. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో కారణాలను మూడు విధాలుగా విభజించాడు. వస్త్రానికి దారాలు సమవాయి కారణం. దారాల కూడిక అసమవాయి కారణం. మగ్గం వంటి సాధనాలు నిమిత్త కారణం. నైయాయికుల దృష్టిలో వస్త్రం దారాల కుప్ప కాదు, కొత్తగా పుట్టిన ద్రవ్యం. ఛాందోగ్యోపనిషత్తు దృష్టి వేరు. మట్టియే సత్యమని, కుండ కేవలం పేరని అది బోధిస్తుంది. ‘మిలిందపన్హ’లో నాగసేనుడు రథాన్ని ఉదాహరణగా తీసుకొంటాడు. చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు. అవన్నీ ఒకచోట అమరినప్పుడు వాడే పేరే రథమని వివరిస్తాడు.

పదార్థం, అమరిక, పేరు – ఈ మూడింటితోనే వస్తువు పూర్తవుతుందా? మహబూబాబాద్ ప్రాంతపు లంబాడీ తండాలను గమనిస్తే మరొక అంశం తోస్తుంది. లంబాడీ స్త్రీల సంప్రదాయ వస్త్రాభరణాలలో అద్దాలు, గవ్వలతోపాటు పాత నాణేలు కూడా కనిపిస్తాయి. నాణెం లోహం మారలేదు, దానిపై ముద్ర చెరగలేదు. కాని అంగడిలో చెల్లవలసినది మెడలో ఆభరణమైనది. దానితో మనుషులు పెట్టుకొన్న సంబంధమే దాని ఉనికిని మార్చివేసింది.

2019 వరకు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండి, నేడు ములుగు జిల్లాకు చెందిన మేడారం ఇంకా గొప్ప నిదర్శనం. రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే జాతరలో సమ్మక్కకు విగ్రహం ఉండదు. కోయ పూజారులు చిలకలగుట్ట నుండి కుంకుమ భరిణె రూపంలో ఆమెను గద్దెకు తీసుకొనివస్తారు. లక్షలాది భక్తులకు అది పెట్టె కాదు, తల్లి. చేతితో చేసిన వస్తువుకు ఒక జాతి స్మృతి ప్రాణం పోసింది.

కనుక వస్తువు ఉనికికి పదార్థం ఆధారం మాత్రమే. చేసిన చేయి, వాడిన ఇల్లు, గుర్తుంచుకొన్న మనసు కలిసి దానిని పూర్తి చేస్తాయి. అమ్మమ్మ నీళ్ళు తోడిన ఇత్తడి బిందెను పాత సామాన్ల వానికి తూకానికి అమ్మినప్పుడు జరిగేది ఇందుకు విరుద్ధం. కరిగిస్తే ఇత్తడి ఎక్కడికీ పోదు. బిందె మాత్రం ఉండదు. ఉలి పట్టే చేయి కరువైతే పెంబర్తి కళకూ అదే గతి. గుర్తింపు పత్రం ఆ పేరును కాపాడగలదు. పనిని కాపాడవలసినవారు మాత్రం దానిని నేర్చేవారు, ఆదరించేవారు.

ప్రశ్నలు
1. వస్తువు ఉనికిని గురించి నైయాయికులకు, ఛాందోగ్యోపనిషత్తుకు గల దృష్టిభేదాన్ని వివరించండి.
2. మీ ఇంట్లోని ఒక పాత వస్తువును తీసుకొని, దాని ఉనికికి కారణమైన అంశాలను రాయండి.