మధుమేహం – హృదయం

మూత్రం తేనెవలె తియ్యగా మారే వ్యాధికి మన పూర్వులు మధుమేహమని పేరు పెట్టారు. మూత్ర సంబంధమైన ఇట్టి వ్యాధులన్నింటికీ ప్రమేహమని పేరు. సుశ్రుత సంహిత వీటిని రెండు విధాలుగా విభజించింది. తల్లిదండ్రుల బీజదోషం వల్ల కలిగేది సహజం; తగని ఆహారవిహారాల వల్ల కలిగేది అపథ్య నిమిత్తజం. పుట్టుక, నడవడి రెండూ రోగకారణాలేనన్న ఈ గ్రహింపు నేటి వైద్యశాస్త్రానికి దూరమైనది కాదు. అయితే మధుమేహం గుండెకు చేసే చేటు లెక్కలతో రుజువు కావడానికి ఇరవయ్యో శతాబ్ది రావలసి వచ్చింది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రామింగ్‌హామ్ ఒక పట్టణం. 1948లో అక్కడ 5,209 మంది స్త్రీపురుషుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించే మహాప్రయత్నం మొదలైంది. రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చే వ్యాధుల ముప్పు మధుమేహులకు ఇతరులకంటే రెండు మూడు రెట్లు అధికమని 1979లో ఆ పరిశోధకులు ప్రకటించారు. రక్తంలో మితిమీరిన గ్లూకోజు నాళాల లోపలి పొరను గాయపరుస్తుంది. గాయపడినచోట కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది.

మరి ఈ రెండు వ్యాధులకూ బీజం ఒకటేనా? 2007లో శాస్త్రజ్ఞులు మానవుని తొమ్మిదవ క్రోమోజోములో ఒక చిత్రమైన ప్రాంతాన్ని గుర్తించారు. హృద్రోగపు ముప్పును పెంచే జన్యుమార్పులు, మధుమేహపు ముప్పును పెంచేవి అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకటేనని తోచడం సహజమే గాని, అవి ఇరుగుపొరుగు ఇళ్లవంటివి. ఒకటి సంక్రమించినవారికి రెండవది సంక్రమించి తీరాలన్న నియమం లేదు. పైగా అవి రోగావకాశాన్ని కొంత పెంచుతాయే తప్ప రోగాన్ని నిశ్చయించవు.

వైద్యులను ఎక్కువగా కలవరపెట్టేది వేరొకటి. గుండెపోటు అనగానే ఛాతీలో భరింపరాని నొప్పి స్ఫురిస్తుంది. దీర్ఘకాలిక మధుమేహం నరాలను మొద్దుబార్చడం వల్ల కొందరిలో ఆ నొప్పే పుట్టదు. కారణం తెలియని ఆయాసం, చల్లని చెమట, వికారం, అకస్మాత్తుగా కమ్ముకొనే నీరసం – ఇంతమాత్రమే కనబడవచ్చు. ఇంటివారు దానిని అజీర్తిగా భావించి సోడా తాగించి పడుకోబెడతారు. ఆసుపత్రికి చేరవలసిన విలువైన గంటలు అలా గడిచిపోతాయి. కొందరి విషయంలో, ఎప్పుడో వచ్చిపోయిన గుండెపోటు తరువాతి కాలంలో తీసిన ఈసీజీలో గాని బయటపడదు.

చికిత్సలోనూ ఈ రెండింటి బంధం వెల్లడైంది. చక్కెరను తగ్గించడానికి రూపొందించిన ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందు, అప్పటికే హృద్రోగమున్న మధుమేహులలో హృదయసంబంధ మరణాలను తగ్గించిందని 2015లో తేలింది. రక్తంలోని అదనపు చక్కెరను ఆ మందు మూత్రం ద్వారానే వెలుపలికి పంపుతుంది. పూర్వవైద్యులు రోగచిహ్నంగా ఎంచిన మూత్రమాధుర్యమే ఇక్కడ చికిత్సామార్గమైంది.