సందేహాలు - సమాధానాలు: పోలండ్‌లో ‘ఫ్రీ’ తెచ్చిన కంగారు

మా అబ్బాయి వార్సాలో గోడౌన్‌లో పనిచేస్తున్నాడు. జ్వరమొచ్చి వెళితే డాక్టరు ‘జ్వొల్న్యెన్యె’ ఇచ్చారట. ఫోన్‌లో చూస్తే ‘ఉద్యోగం నుంచి తీసివేత’ అని వచ్చింది. రాత్రి నుంచి మాకు నిద్ర లేదు.
- ఒక తల్లి, నిజామాబాద్

అమ్మా, డాక్టరు ఎవరి ఉద్యోగమూ తీసేయలేరు, మీరు ధైర్యంగా ఉండండి. ఇంగ్లీషు ‘ఫ్రీ’కి పోలిష్‌లో ఎక్కువగా వాడేది ‘వొల్ని’. దాని నుంచి వచ్చిన ఈ మాటకు విడిచిపెట్టడం అని అర్థం. డాక్టరు ఇచ్చారంటే అది జబ్బు సెలవే. అక్కడివాళ్లు వాడుకలో ‘ఎల్ 4’ అంటారు. 2018 డిసెంబరు నుంచి డాక్టర్లు దీన్ని కంప్యూటరులోనే నమోదు చేస్తున్నారు. పట్టించుకోవలసిన మాట వేరే ఉంది: యజమాని నుంచి ‘విపొవ్యెద్జెన్యె’ అనే కాగితం వస్తే అది ఉద్యోగం ముగింపు నోటీసు. ఉద్యోగ ఒప్పందం ఉన్నవారు దానిమీద 21 రోజుల్లో కార్మిక న్యాయస్థానానికి వెళ్లవచ్చు కాబట్టి, అలాంటిది వస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దనండి.

శనివారం ప్రాజెక్టు పనికి వస్తావా అని క్లాసులో అబ్బాయి అడిగితే, ఫ్రీగానే ఉన్నానని ‘యెస్తెమ్ వొల్నా’ అన్నాను. అందరూ నవ్వారు. ఏమైనా కానిమాట అన్నానా?
- విద్యార్థిని, వ్రోత్స్వాఫ్

లేదు, మీరు అన్నదాంట్లో తలదించుకోవలసింది ఏమీ లేదు. ఆ మాటకు ‘తీరిగ్గా ఉన్నాను’ అనీ, ‘నాకు ఎవరూ జోడీ లేరు’ అనీ రెండర్థాలు ఉండటంతో నవ్వు వచ్చింది, అంతే. ఈసారి ‘మామ్ చాస్’ అనండి. నాకు టైముంది అని తప్ప దానికి ఇంకో అర్థం రాదు. ట్రెయిన్‌లో సీటు ఖాళీయేనా అని అడగడానికి మాత్రం ‘వొల్నె’ అనే మాటే సరైనది. ఎవరైనా ఆ నవ్వును సాకుగా పట్టుకుని మిమ్మల్ని వేధిస్తే, అది మీ భాషలో లోపం కాదు; యూనివర్సిటీలో చెప్పండి.

‘బెస్‌ప్వాత్ని’ ఇంటర్న్‌షిప్ అంటే ఫీజు లేదేమో అనుకుని సరేనన్నాను. జీతమే లేదట! ఇంకా సంతకం పెట్టలేదు.
- క్రాకుఫ్ నుంచి

సంతకం పెట్టలేదు కదా, కంగారు వద్దు. ఆ మాటకు ‘డబ్బు చెల్లింపు లేనిది’ అని అర్థం. మ్యూజియం ప్రవేశానికి రాస్తే మీరు కట్టక్కర్లేదు, పనికి రాస్తే మీకు ఇవ్వరు. జీతం ఉన్నదైతే ‘ప్వాత్ని’ అంటారు. ముందు ‘బెస్’ ఉందేమో చూసి, జీతం ఎంతో అంకెల్లో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.

‘వొల్నో’ అంటే నెమ్మదిగా అని నేర్చుకున్నాను. ‘న్యె వొల్నో’ బోర్డు చూసి త్వరగా వెళ్లమన్నారనుకున్నాను. గార్డు అరిచాడు. ఇప్పుడు బయటికి వెళ్లాలంటేనే భయంగా ఉంది.
- గ్దాన్‌స్క్ నుంచి

మీరు నేర్చుకున్నది తప్పు కాదు, నిశ్చింతగా బయటికి వెళ్లండి. ‘వొల్నో’కి నెమ్మదిగా అనే కాక ‘అనుమతి ఉంది’ అనే అర్థం కూడా ఉంది, అందుకే బోర్డు మీద ‘న్యె వొల్నో’ అంటే ‘కూడదు’. రైలు పట్టాల దగ్గరా, కరెంటు పెట్టెల మీదా ఆ రెండు మాటలు కనిపిస్తే మిగతా వాక్యం అర్థం కాకపోయినా సరే, అక్కడే ఆగిపోండి.