పైథాన్ వచ్చినవాడికి లువా ఎంత దూరం?

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఓసారి తలెత్తి చూడండి. కోర్సుల బోర్డుల మీద పేర్లు మారిపోతూనే ఉంటాయి. కింద నిలబడిన కుర్రాడికి మాత్రం ఎప్పుడూ ఒకటే గుబులు: నేను నేర్చుకున్నది అప్పుడే పాతబడిపోయిందా?

ఆ గుబులుకు మందు ఒక్క ప్రశ్నలో ఉంది. కొత్త ప్రోగ్రామింగ్ భాష పేరు వినగానే 'దీనికి జీతమెంత?' అని ఆరా తీసేముందు, 'ఉన్నవాటితో ఎవరికి ఏ పని కుదరక దీన్ని పుట్టించారు?' అని అడగండి.

లువా సంగతే తీసుకుందాం. 1993లో బ్రెజిల్‌లో, రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. చేసినవాళ్లు ముగ్గురు: రొబెర్తో ఇయెరూసలింస్కీ, వాల్దెమార్ సెలెస్, లూయిస్ హెన్రిక్ డి ఫిగెరెడో. విదేశీ కంప్యూటర్ సరుకు మీద ఆ దేశంలో ఏళ్లపాటు ఆంక్షలుండటంతో, కావలసింది సొంతంగా చేసుకోవడం వాళ్లకు అలవాటైంది. చమురు సంస్థ పెట్రోబ్రాస్ కోసం పనిచేస్తున్నారు. ప్రోగ్రామింగ్ వృత్తి కానివాళ్లు కూడా రాసుకోగలిగే చిన్న భాష కావాలి. టిసిఎల్ ఉంది గానీ దాని రాత తీరు కొరుకుడు పడదు, పైగా అప్పట్లో యూనిక్స్ గడప దాటదు. లిస్ప్ నిండా బ్రాకెట్లే. పైథాన్ ఇంకా పసిగుడ్డు. అలా వచ్చింది లువా. పోర్చుగీసులో ఆ మాటకు చందమామ అని అర్థం. అంతకుముందు వాళ్లే చేసుకున్న భాష పేరు సోల్, అంటే సూర్యుడు. కంప్యూటర్ వాళ్లకూ కాస్త కవిత్వం ఉంటుంది మరి!

ఇంకో పెద్ద ప్రోగ్రాంలో ఇమిడిపోయి పనిచేయడం లువా ప్రత్యేకత. దాని ఇంటర్‌ప్రెటర్ మీ ఫోన్లో తీసిన ఒక్క ఫొటో అంత కూడా ఉండదు. అందుకే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటి ఆటల్లోనూ, రెడిస్ డేటాబేస్‌లోనూ చోటు సంపాదించింది.

పోల్చడం ఇక్కడ మొదలుపెట్టండి. పైథాన్‌కు 35 రిజర్వుడు పదాలుంటే లువాకు ఇరవై పైచిలుకే. పైథాన్‌లో లిస్టు, డిక్షనరీ, సెట్ వేరువేరు. లువాలో అన్నిటికీ ఒకటే 'టేబుల్'. ఇది చదివి 'ఓస్, ఇంతేనా' అనుకున్నాను నేను కూడా.

కూరగాయల స్టాకు చూపించే చిన్న ప్రోగ్రాం రాశాను. జాబితాలో మొదటిది తెమ్మని, పైథాన్ అలవాటు కొద్దీ సున్నా నంబరు ఇస్తే 'నిల్' అంది, అంటే అక్కడ ఏమీ లేదని. లువాలో లెక్క ఒకటి నుంచి మొదలు. సరే, దిద్దుకున్నాను. స్టాకు ఉంటే 'ఉంది' అని చూపించమన్నాను. వంకాయలు సున్నా కిలోలు. అయినా 'ఉంది' అనే చెబుతోంది! సున్నాను పైథాన్ 'లేదు' కింద జమకడితే, లువా 'ఉంది' కింద జమకడుతుంది. పేరులో ఒక అక్షరం తప్పు కొడితే పైథాన్ అక్కడికక్కడే అరుస్తుంది. లువా గప్‌చుప్‌గా నిల్ చేతిలో పెడుతుంది. ఆ సాయంత్రమంతా వంకాయలతోనే గడిచింది.

తప్పు లువాది కాదు, నా పుట్టింటి అలవాట్లది. అప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీలో తెలిసిన భాష, కుడి పేజీలో కొత్తది. ఒకేలా ఉన్నవి రాయను, తేడాలు మాత్రమే రాస్తాను. లువాకు నాలుగు పేజీలు నిండలేదు. మొదటి భాష గట్టిగా వచ్చినవాడికి రెండోది అంత దగ్గర. ఆ మొదటిదే అరకొరగా ఉంటే మాత్రం ఏ కొత్త బోర్డు వైపూ చూడకండి.

లువా మీకు అవసరమా? ఆటలు తయారుచేయాలనుంటే తప్పకుండా నేర్చుకోండి. డేటా ఉద్యోగమే లక్ష్యమైతే పైథాన్‌లోనే ఉండండి. ఏదైనా సరే, ఈ ఆదివారం మీకు బాగా వచ్చిన ప్రోగ్రాం ఒకటి తీసి కొత్త భాషలో రాసి చూడండి. వంకాయల దగ్గర జాగ్రత్త.