బిల్లీ పిల్‌గ్రిమ్ చూడనిది ఏమిటి?

ప్రశ్న: కర్ట్ వానెగట్ ‘స్లాటర్‌హౌస్ ఫైవ్’ మాకు పాఠ్యపుస్తకం. కథానాయకుడు బిల్లీ పిల్‌గ్రిమ్‌ను వేరే గ్రహం వాళ్లు ఎత్తుకుపోతారు. అతను తన జీవితంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు. మా మేడమ్ ఇది సైన్స్ ఫిక్షన్ అంటారు. క్లాసులో సగంమంది మాత్రం యుద్ధం దెబ్బకు మతి చెదిరినవాడి కథ అంటున్నారు. అతను తన మానసిక గాయాన్ని ఒప్పుకోడని కూడా విమర్శల్లో చదివాను. పుస్తకం నిండా యుద్ధమే ఉంటే ఒప్పుకోకపోవడం ఎక్కడుంది? సెమినార్ పేపర్ రాయాలి, దారి చెప్పండి.
– ఎం.ఏ. ఇంగ్లీష్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ పేపర్‌కు పనికొచ్చేది ఆ చివరి ప్రశ్నే. ట్రాల్ఫమడోర్ అనే గ్రహం నిజంగా ఉందా, అంతా బిల్లీ భ్రమా అన్న వాదనలోకి దిగితే మీకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. ఉందనుకున్నా లేదనుకున్నా, ఆ గ్రహం బిల్లీకి ఏం చేసిపెడుతోందన్నది మారదు. అటునుంచి నరుక్కురండి. అక్కడివాళ్లు అతనికి నేర్పింది ఒక తత్వం. గడిచిన క్షణం, గడవబోయే క్షణం అన్నీ ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాయి, ఏదీ మారదు, చచ్చినవాడు ఆ ఒక్క క్షణంలోనే బాగాలేడు, మిగతా క్షణాల్లో బాగానే ఉన్నాడు. కాబట్టి చెడ్డ క్షణాల వైపు చూడకుండా మంచివాటినే చూస్తూ ఉండాలి. పుస్తకంలో ఎవరు పోయినా వెంటనే వచ్చే ‘సో ఇట్ గోస్’ అన్న చిన్న మాట కూడా ఆ గ్రహం నుంచి తెచ్చుకున్నదే. వందసార్లకు పైగా వస్తుంది. మనిషి చచ్చినా అదే మాట, ఖైదీల బట్టల్లో పేలు చచ్చినా అదే మాట. అన్ని చావులకూ ఒకే తూకం వేస్తే ఏ చావుకూ ప్రత్యేకంగా ఏడవక్కర్లేదు. అంచేత బిల్లీ యుద్ధాన్ని దాచిపెట్టాడని రాయకండి. అతను, తాను యుద్ధఖైదీగా ఉండగా బాంబులకు తగలబడిన జర్మన్ నగరం డ్రెస్డెన్‌కు మళ్లీ మళ్లీ వెళ్తూనే ఉంటాడు. అయితే చూసి వచ్చేవాడిలా వెళ్తాడు. అది తనకు జరిగిందని మాత్రం అనుకోడు. తప్పించుకోవడమంటే నోరు మూసుకోవడమే కానక్కర్లేదు. అన్నీ చెబుతూ కూడా తప్పించుకోవచ్చు.

ఆ గ్రహం ఎక్కడినుంచి వచ్చిందో వానెగట్ దాచలేదు. 1948లో, కళ్లద్దాల డాక్టరు చదువు ఆఖరి ఏడాదిలో, బిల్లీ తనంతట తానే వెళ్లి మాజీ సైనికుల ఆస్పత్రిలో మానసిక రోగుల వార్డులో చేరతాడు. పక్క మంచం మీద రోజ్‌వాటర్ అనే మరో మాజీ సైనికుడు. ఇద్దరికీ యుద్ధం తర్వాత బతుకులో అర్థం కనిపించలేదు. రోజ్‌వాటర్ దగ్గర పెట్టెనిండా కిల్‌గోర్ ట్రౌట్ అనే రచయిత సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు. ఏళ్లు గడిచాక న్యూయార్క్‌లో ఒక నాసిరకం పుస్తకాల కొట్లో బిల్లీ ఒక ట్రౌట్ నవల తీసి చూస్తాడు. ఒక ఆడమనిషినీ మగమనిషినీ వేరే గ్రహం వాళ్లు ఎత్తుకుపోయి జంతుప్రదర్శనశాలలో పెట్టిన కథ. బిల్లీ తనకు జరిగిందని చెప్పేదీ అదే. ఆ నవలను ఒకప్పుడు ఆస్పత్రిలోనే చదివానని అతనికి గుర్తొస్తుంది. ఇక డాక్టర్ల తెలివి చూడండి. బిల్లీ కుంగిపోవడానికి కారణం యుద్ధం కాదని, చిన్నప్పుడు తండ్రి అతన్ని ఈతకొలనులో లోతున్న చోట విసిరేయడమూ, గ్రాండ్ కాన్యన్ అంచు దాకా తీసుకెళ్లడమూ అని తేలుస్తారు. వానెగట్ హాస్యం ఇలాంటి చోట్ల కత్తిలా తెగుతుంది. బిల్లీ ఒప్పుకోలేదంటే, ఒప్పుకోమని అడిగినవాడు కూడా లేడు.

మీ వాదనకు ఆయువుపట్టు ఎనిమిదో అధ్యాయంలో ఉంది. బిల్లీ, వాలెన్సియాల పద్దెనిమిదో పెళ్లిరోజు. ఇంటినిండా కళ్లద్దాల డాక్టర్లు, వాళ్ల భార్యలు. నలుగురు మగవాళ్లు గొంతు కలిపి ఒక పాత స్నేహగీతం పాడతారు. పాట మధ్యలో బిల్లీ నోరు పుల్లగా అయిపోతుంది, చిత్రహింసలు పెడుతున్నట్టు ముఖం వంకర్లు తిరుగుతుంది. దయ్యాన్ని చూసినట్టున్నావని భార్య కంగారు పడుతుంది. కాలంలో కిటికీ తెరుచుకుని గతమో భవిష్యత్తో కనిపించిందా అని ట్రౌట్ పట్టుబడతాడు. (ఆ విందుకు ట్రౌట్ కూడా వచ్చాడు.) లేదంటాడు బిల్లీ. తన దగ్గర తనకే తెలియని రహస్యం ఏదీ లేదనుకున్నవాడికి, లోపల ఎక్కడో ఒక పెద్ద రహస్యం ఉందని ఆ క్షణంలో తెలుస్తుంది. అదేమిటో అంతుపట్టదు. మేడమీదికి వెళ్లి పడుకుంటాడు. అప్పుడు గుర్తొస్తుంది. బాంబులు పడిన రాత్రి అతను కబేళా కింద మాంసం నిల్వచేసే గదిలో ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నం పైకొచ్చేసరికి ఊరు లేదు. కాపలా ఉన్న నలుగురు జర్మన్ సైనికులు ఒకరికొకరు దగ్గరగా జరిగి, నోళ్లు తెరిచి, మాట రాక నిలబడ్డారు. మూకీ సినిమాలో పాట పాడుతున్న నలుగురిలా. ఇక్కడ వానెగట్ ఒక్క వాక్యంలో తాళం తీస్తాడు. బిల్లీ కాలంలో ప్రయాణించి అక్కడికి వెళ్లలేదట, జ్ఞాపకం తెచ్చుకున్నాడట. అన్ని చోట్లకూ ప్రయాణం చేసే మనిషికి గుండెల్లో దిగిన ఈ ఒక్కచోటికి ప్రయాణం దొరకలేదు. అంటే ప్రయాణం ఒకటి, జ్ఞాపకం ఇంకొకటి. రెండింటినీ వేరుచేసింది రచయితే, విమర్శకులు కాదు.

దీని మీద రెండు అభ్యంతరాలు వస్తాయి, సిద్ధంగా ఉండండి. డ్రెస్డెన్ 1945 ఫిబ్రవరిలో తగలబడింది, బిల్లీకి కాలంలో పట్టు తప్పింది అంతకుముందే, 1944లో, కాబట్టి బాంబుదాడి కారణం కాదంటారు. నిజమే, కారణం అదొక్కటే అని ఎవరన్నారు? శత్రువుల ఇలాకాలో దారితప్పి, చలికోటు లేక, ఆయుధం లేక, తోటి సైనికుడి చేత తన్నులు తింటూ, నన్నొదిలేసి పొండని వేడుకుంటూ చెట్టుకు చేరగిలబడినప్పుడే అతనికి మొదటిసారి పట్టు తప్పింది. బతకాలన్న కోరిక చచ్చిన క్షణంలోనే ఈ పారిపోవడం మొదలైందని ఆ దృశ్యం చెబుతోంది. ఇది మన వాదనకు బలమే. రెండో అభ్యంతరం, 1969 నాటి నవల మీద ఇప్పటి వైద్యం పేర్లు అతికించడం. పీటీఎస్‌డీ అన్న పేరు అమెరికా మానసిక వైద్యుల అధికారిక గ్రంథంలోకి వచ్చింది 1980లో. కాబట్టి ఆ పేరు పెట్టి రోగనిర్ధారణ చేయకండి. పుస్తకంలో కళ్లకు కట్టినవే రాయండి. పగలు పన్నెండింటికి ఊళ్లో ఫైర్‌స్టేషన్ సైరన్ మోగితే అతను హడలిపోతాడు. అప్పుడప్పుడు కారణం తెలియకుండా ఏడుస్తాడు, చప్పుడు రాదు, డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. యుద్ధం అంతటిలో అతను ఏడ్చింది ఒక్కసారే. అది మనుషుల కోసం కాదు. యుద్ధం ముగిశాక ఎండలో బండిమీద హాయిగా కునుకు తీస్తుంటే, ఒక జర్మన్ దంపతులు వచ్చి గుర్రాల నోళ్లు చీరుకుపోయి నెత్తురు కారుతోందని, గిట్టలు పగిలాయని, అవి దాహంతో అల్లాడుతున్నాయని చూపిస్తారు. అప్పుడు భోరుమంటాడు. రోగం పేరు లేకుండానే ఇవన్నీ మాట్లాడతాయి.

ప్రశ్న: ఇదే నవల మీద నాదో మాట. యుద్ధం నుంచి తిరిగొచ్చిన తరంలో చాలామంది నోరు విప్పకుండానే ఉద్యోగాలు చేసుకున్నారు, పిల్లల్ని పెంచారు, పోయారు. బిల్లీ కూడా సంపాదించాడు, ఊళ్లో పెద్దమనిషి అయ్యాడు. మార్చలేనిదాన్ని తలుచుకుని కుమిలేకంటే వదిలేయడమే నయం కదా? కడుపులో చల్ల కదలకుండా కూర్చుని అతన్ని తప్పుపట్టడం మనకు తగునా?
– రిటైర్డ్ లెక్చరర్, ఖమ్మం

జవాబు: మాస్టారూ, బిల్లీని తప్పుపట్టే పని నాకూ ఇష్టం లేదు. ఆ రాత్రి చూసినవాడు ఏ గ్రహం మీద తలదాచుకున్నా అడిగే హక్కు మనకు లేదు. కానీ వదిలేశాడన్న మీ మాట దగ్గర ఆగుతాను. వదిలేసినవాడైతే పాట వింటే ముఖం ఎందుకు వంకర్లు పోతుంది? అతను దాన్ని వదల్లేదు, చూడటం మానేశాడంతే. మానేసినందుకు ఏం చెల్లించాడో మూడో అధ్యాయంలో ఉంది. అది 1967. బిల్లీ లయన్స్ క్లబ్బు భోజనాలకు వెళ్తాడు. ఒక మెరైన్ మేజర్ వచ్చి, ఉత్తర వియత్నాం దారికి రాకపోతే రాతియుగానికి చేరేదాకా బాంబులు కురిపించాలని ఉపన్యసిస్తాడు. ఆ గదిలో బాంబులు ఒక ఊరిని ఏం చేస్తాయో కళ్లతో చూసినవాడు బిల్లీయే. అతనికి వద్దనాలని కూడా అనిపించదు. నిశ్శబ్దంగా భోంచేసి, ఇంటికెళ్లి, కాసేపు పడుకోమని డాక్టరు చెప్పిన ప్రకారం మంచమెక్కి, కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఎందుకో అతనికి తెలియదు. ఉపన్యాసానికీ కన్నీళ్లకూ సంబంధం ఉందని రచయిత ఒక్కమాటా అనడు, రెండిటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు. కొడుకు రాబర్ట్ ఆ వియత్నాంకే సైనికుడిగా వెళ్తాడు. అన్ని క్షణాలూ ముందే రాసిపెట్టి ఉన్నాయనుకునే తండ్రి కొడుకుతో ఏం చెప్పగలడు? మార్చలేనిదాన్ని తలుచుకోవడం దండగని మీరన్నారు. గతం సంగతి నిజమే. వియత్నాం అప్పటికి ఇంకా గతం కాలేదు.

కర్మ సిద్ధాంతం తెలిసిన మనవాళ్లకు ట్రాల్ఫమడోర్ తత్వం పరిచితంగా, కాస్త ముద్దుగా కూడా అనిపిస్తుంది. అయితే వానెగట్ దాన్ని తనదిగా చెప్పుకోలేదు. ఇక్కడ రచయితనూ కథానాయకుడినీ విడివిడిగా చూడాలి. ఇండియానాపొలిస్‌లో 1922లో పుట్టిన వానెగట్ 1944 డిసెంబరులో జర్మన్లకు చిక్కాడు, డ్రెస్డెన్ కబేళా కింది గదిలోనే ప్రాణాలతో మిగిలాడు, తర్వాత శవాలు వెలికితీసే పనిలో నిలబడ్డాడు. (నవలలో మృతుల సంఖ్య 1,35,000 అని ఉంటుంది. ఆ కాలంలో చలామణీలో ఉన్న అంకె అది. డ్రెస్డెన్ నగరం నియమించిన చరిత్రకారుల సంఘం 2010లో 25,000 దాకా అని తేల్చింది. తరగతిలో ఎవరైనా పాత అంకె చెబితే సరిదిద్దండి.) యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్లు దాటాక గానీ ఈ పుస్తకం రాలేదు. మొదటి అధ్యాయంలో ఆయన సొంత గొంతుతో, రాయడం ఎంత చేతకాలేదో చెప్పుకుంటాడు. ఖైదీల మరుగుదొడ్డి దృశ్యంలో అయితే, కడుపు చెడి మూలుగుతున్న ఆ మనిషిని నేనే అని కథకు అడ్డం వచ్చి మరీ చెబుతాడు. బిల్లీ ఎన్నడూ ఇలా అనలేడు. ఆస్పత్రిలో రమ్‌ఫోర్డ్ అనే చరిత్రకారుడితో డ్రెస్డెన్‌లో నేనున్నానని చెప్పినప్పుడు కూడా, ఆయన కనికరించబోతే అంతా సవ్యంగానే ఉందని, అందరూ చేసేది చేయవలసిందేనని, అది ట్రాల్ఫమడోర్‌లో నేర్చుకున్నానని బదులిస్తాడు. నేనున్నాను అన్నంతవరకూ వచ్చి, ఆ తర్వాతి అడుగు వేయడు.

ఆ మొదటి అధ్యాయంలోనే వానెగట్ బైబిల్లో లోతు భార్య కథ ఎత్తుతాడు. వెనక్కి చూడొద్దన్నా తగలబడుతున్న ఊరిని తిరిగి చూసి ఉప్పుస్తంభమైన ఆవిడ. అలా చూసినందుకే ఆవిడంటే తనకు ప్రేమ అంటాడు, తన పుస్తకాన్నీ ఉప్పుస్తంభం రాసిన పుస్తకమే అంటాడు. చూడొద్దు అన్నది ట్రాల్ఫమడోర్ ఉపదేశం, చూసిన మనిషికి రచయిత ఓటు. బిల్లీ వైపు వాదించేముందు ఆ అధ్యాయం మరోసారి చదవండి, మాస్టారూ. చాలామంది దాన్ని ముందుమాట అనుకుని దాటేస్తారు.