నడుస్తున్న బండికే అప్పు

కర్దనూర్ చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉంటూ పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్ల ఇళ్లలో ఒక ఆలోచన తరచూ వస్తుంది: ఇంటావిడ టిఫిన్ బండి పెడితే? కుట్టు మిషన్ కొంటే? పది మంది కూలీలకు మెస్ నడిపితే? మంచి ఆలోచనే. షిఫ్టు మారే వేళ ఇడ్లీకీ చాయ్‌కీ గిరాకీ ఉంటుంది. కావలసింది ముప్పై, యాభై వేలు. ఆ డబ్బు అప్పు తెచ్చే ముందు ఈ నాలుగు మాటలు వినండి.

హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో చిన్న అప్పుల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరిశోధన చేసి, 2015లో ఫలితాలు ప్రచురించింది. అప్పు దొరికిన బస్తీల్లో అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని పెంచుకున్నారు. కానీ మొత్తం మీద చూస్తే ఇళ్ల ఖర్చు స్థాయి పెద్దగా మారలేదు. అందుకే నా సలహా ఇది: అప్పుతో మొదలుపెట్టకండి. ఇంట్లో ఉన్న గిన్నెలతో, అద్దె బండితో రెండు నెలలు అమ్మి చూడండి. రోజూ ఎంత వచ్చింది, సరుకుకెంత పోయింది, ఖాతా ఎంత పడింది, నోట్‌బుక్‌లో రాయండి. మన దగ్గర ఖాతా పెద్ద చిక్కు. జీతాలు పడేదాకా కూలీలు అప్పు పెడతారు. అందుకని తర్వాత అప్పు తీసుకున్నా, కిస్తీ తేదీ జీతాల వారం తర్వాత పడేలా అడగండి.

వడ్డీ దగ్గర చాలామంది మోసపోతారు. యాభై వేలకు రూపాయి వడ్డీ, ఏడాది గడువు అంటే చవకగానే వినిపిస్తుంది. వడ్డీ 6,000, నెల కిస్తీ 4,667. కానీ ఆరు నెలలకే సగం అసలు తీర్చేసినా, వడ్డీ మాత్రం మొత్తం యాభై వేల మీదే కడుతున్నారు. తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. రోజువారీ ఫైనాన్స్ ఇంకా ఘోరం. చేతికి తొమ్మిది వేలిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే ఏడాది వడ్డీ 75 శాతం పైమాటే. సరుకు కోసం కూడా ఆ డబ్బు ముట్టొద్దు.

మహిళా సంఘంలో ఉన్నవాళ్లు ముందు బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అప్పులు అడగాలి. ఓఆర్ఆర్ పక్క పంచాయతీలు 2024లో మునిసిపాలిటీల్లో కలిశాయి కాబట్టి, మీ సంఘం ఇప్పుడు పల్లె సంఘాలను చూసే సెర్ప్ కింద ఉందో, పట్టణ సంఘాలను చూసే మెప్మా కింద ఉందో కనుక్కోండి. సంఘం లేనివాళ్లకు ముద్ర పథకంలో శిశు అప్పు ఉంది. 50 వేల దాకా తాకట్టు అక్కర్లేదు. బ్యాంకుకు నేరుగా వెళ్లండి, దళారికి పైసా ఇవ్వకండి. మునిసిపాలిటీ గుర్తించిన వీధి వ్యాపారులకు స్వనిధి పథకంలో మొదటి విడతగా 15 వేల దాకా వస్తుంది. గడువుకు కడితే 7 శాతం వడ్డీ రాయితీ.

మైక్రోఫైనాన్స్ కంపెనీ అప్పే తీసుకోవలసి వస్తే, 2022 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు గుర్తుంచుకోండి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికిచ్చే ఈ అప్పుకు తాకట్టు అడగకూడదు. ఇంటి అప్పులన్నిటి కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు. కిస్తీలకు ఆదాయంలో సగం కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. పిల్లల ఫీజు, అద్దె పోగా మూడో వంతు దాటితే వద్దనుకోండి.

కిస్తీలు హద్దు దాటితే ఏమవుతుందన్నది మన జిల్లాకు కొత్త పాఠం కాదు. విక్రమ్ ఆకుల 1997లో స్థాపించిన మైక్రోఫైనాన్స్ సంస్థ ఎస్‌కేఎస్ తొలి అడుగులు వేసింది నారాయణఖేడ్ ప్రాంతంలోనే. అది పెద్ద కంపెనీ అయి 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. అప్పటికే ఎన్నో ఇళ్లలో ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి మరో కంపెనీ దగ్గర అప్పు చేస్తున్నారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఆగిపోయాయి, కొత్త అప్పులూ ఆగిపోయాయి. నిజంగా వ్యాపారం చేసుకునేవాళ్లకు కూడా డబ్బు పుట్టలేదు.

కాబట్టి పాత కిస్తీ కోసం కొత్త అప్పు ఎవరు ఇస్తామన్నా వద్దనండి. వ్యాపారం కోసం తెచ్చింది పెళ్లికీ ఫోనుకూ పోనివ్వకండి. గ్రూపులో పక్కావిడకు హామీ సంతకం పెట్టే ముందు ఆమె బండి నడుస్తోందో లేదో వెళ్లి చూసి రండి.